వంట చేయనివాళ్ళు ఎంచిన ఇల్లు

"పన్నెండు దాకా మీ ఇష్టం. పన్నెండు కొట్టగానే ఆవిడను పెద్ద జైలుకు పంపించేస్తాను. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సింది నాతో కాదు, కోర్టుతో," అన్నాడు పోలీసు అధికారి.

అప్పటికి పదీ ఐదు.

మేం నిలబడింది ఒక కాటేజీ వంటింట్లో. సెలవులకు వచ్చినవాళ్ళు వారానికింతని తీసుకుని, తమ వంట తామే చేసుకుంటూ ఉండే ఇల్లు. కింద వంటిల్లు, దాన్ని ఆనుకుని ఒక చిన్న గది. పైన మూడు గదులు, స్నానాల గది. పరాయి దేశం నుంచి ఏడుగురున్న ఒక కుటుంబం వచ్చి దిగింది. మూడో రోజు మధ్యాహ్నం వాళ్ళ పెద్దావిడ ఆ కింది గదిలో నడుం వాల్చి మళ్ళీ లేవలేదు.

గ్యాస్ గీజరు ఆ గది గోడలోని అల్మారాలో ఉంది. దాని పొగ గొట్టం పెరటి వైపుకు ఉంటుంది. అందులో ఎవరో తడిబట్ట కుక్కారు. పోవాల్సిన పొగ బయటికి పోలేక గదిలోకి తిరిగింది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

అనుమానం పడింది పెద్దకోడలి మీద. నన్ను పిలిపించింది ఆవిడ అన్నగారు. నేను తొందరపడి ఏ పనీ చేయనని నా వృత్తిలో అందరూ నన్ను నిదానం అని పిలుస్తారు. పెద్దావిడ కొడుకు ఇంకో డిటెక్టివును పెట్టుకున్నాడు. ఏ కేసైనా ఒక పూటలో తేల్చేస్తానని డప్పు కొట్టుకుంటాడు కాబట్టి అతని పేరు ఒక్కపూట అయి కూర్చుంది. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. సగం నేర్చుకుని వెళ్ళిపోయాడు.

"ఇంకా వంటిల్లే చూస్తున్నారా మేడమ్? మనిషి పోయింది ఆ పక్క గదిలో," అన్నాడు గోడకు ఆనుకుని.

"ఆ గదికి సీలు ఉంది కదా. ఒంటిగంటన్నరకు గానీ తియ్యరట."

"నేను నిన్ననే చూసేశాను. ఎంతసేపు, పది నిమిషాలు. కేసు అయిపోయింది. మీరు వంటపాత్రలు లెక్కబెట్టుకోండి."

"నువ్వెప్పుడూ అంతేగా. ఎసరు పెట్టకముందే వడ్డించేస్తావు."

అతను నవ్వలేదు. అధికారి చేతిలోని కాగితం తీసుకుని నా ముందు బల్ల మీద పరిచాడు.

"చదువుకోండి. తొందరేం లేదు, మీకు గంటా యాభై ఐదు నిమిషాలుంది."

పెద్దకోడలి మెయిలు నుంచి కాటేజీల కంపెనీకి వెళ్ళిన ఉత్తరం అది. ఇల్లు ఖాయం చేసే ముందు రోజు పంపినది. అందులో ఆరు ప్రశ్నలున్నాయి. గీజరు గ్యాసుదా, కరెంటుదా? ఏ గది గోడకు ఉంది? ఆ గది కిటికీ తెరుచుకుంటుందా? పొగ గొట్టం బయట ఎంత ఎత్తులో ఉంది? పొగకు మోగే అలారం ఉందా? ఇల్లు చూసుకునే మనిషి ఏ వేళకు వస్తుంది? కింద ఇంకో ముక్క కూడా రాశారు. 'మాతో పెద్దావిడ వస్తోంది, అందుకని ఇన్ని అడుగుతున్నాం.'

"ఎవరో జాగ్రత్తగల మనిషి అనుకున్నారట కంపెనీవాళ్ళు," అన్నాడు ఒక్కపూట. "ఈ కుటుంబం చూసింది పదకొండు ఇళ్ళు. పదింట్లో అలారం ఉంది. లేనిది ఇదొక్కటే. ఏరి కోరి ఇదే తీసుకుంది. అత్తాకోడళ్ళకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఇంటిల్లిపాదీ చెబుతున్నారు. ఇక టైములు వినండి. ఒకటీ నలభైకి అందరూ సముద్రానికి వెళ్ళారు. ఇంట్లో మిగిలింది పెద్దావిడ, కోడలు. మూడూ ఐదుకు వాళ్ళు తిరిగొచ్చారు. ఆడపడుచు, ఆమె భర్త, ఇద్దరు ఆడపిల్లలు పైన వరసగా స్నానాలు చేశారు. నాలుగుంబావు దాకా వేడినీళ్ళు ఆగలేదు. అంటే గీజరు ఆగలేదు. నాలుగున్నరకు పెద్దావిడను లేపబోతే ఒళ్ళు చల్లబడి ఉంది. మరి కోడలు? సరిగ్గా మూడింటికి గడప దాటింది. నాలుగూ ఇరవైకి వచ్చింది. ఎక్కడుందో తెలుసా? చెత్త డబ్బాల దగ్గర. ఎనభై నిమిషాలు చెత్త దగ్గర ఎవరైనా నిలబడతారా మేడమ్?"

"నేను నిలబెట్టాను," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఇల్లు చూసుకునే ఆవిడ. అరవై దాటిన మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పోలీసులంటే భయం లేదు, డిటెక్టివులంటే అసలే లేదు.

"ఇక్కడ చెత్తకు నాలుగు డబ్బాలు. గాజుకొకటి, కాగితానికొకటి, తిండి మిగిలినదానికొకటి, మిగతాదానికొకటి. గోడ మీద ఇంత అక్షరాలతో రాసి పెట్టాం. వీళ్ళు మూడు రోజుల చెత్త ఒకే సంచిలో మూటగట్టి పడేశారు. నాకు ఒళ్ళు మండింది. వచ్చి తలుపు కొట్టి, వెనక సందు చివరికి తీసుకెళ్ళి, దగ్గరుండి ఆ మూటలన్నీ విప్పించి వేరు చేయించాను."

"మీరు రోజూ వచ్చేది ఏ వేళకు?" అని అడిగాను.

"పొద్దున తొమ్మిదికి. మధ్యాహ్నం నేనెందుకు వస్తాను? ఆ సంచి చూడబట్టి వచ్చాను."

"అంటే మీరొస్తారని ఆవిడకు తెలియదు."

"చెప్పి వస్తే దొరుకుతారా?"

నేను అధికారి వైపు చూశాను. "పిలవకుండా వచ్చిన మనిషి ఆమెను బయటికి లాక్కెళ్ళింది. ముందే వేసుకున్న ఎత్తు అయితే ఇది అందులో ఎలా చేరింది?"

"ఆవిడ రాకపోతే ఇంకో సాకు వెతుక్కునేది," అన్నాడు ఒక్కపూట. "ఉత్తరం సంగతి చెప్పండి."

"చెబుతాను. పెద్దకోడల్ని లోపలికి తీసుకురండి."

ఆవిడను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. నలభై రెండేళ్ళుంటాయి. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. వస్తూనే గిన్నెల స్టాండు వైపు చూసింది. అక్కడ ఎవరో కడగని కప్పులు పెట్టారు. చెయ్యి అటు వెళ్ళబోయి ఆగిపోయింది.

"ఈ ఇల్లు ఎంచింది నువ్వేనా అమ్మా?"

"కాదండీ. నేను ఎంచింది నాలుగోది."

"అబద్ధం," అన్నాడు ఒక్కపూట. "మెయిలు నీది."

"నేను చూసిన ఇళ్ళన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. నా చేతిసంచిలో ఉంది. పోలీసులు తీసుకున్నారు."

అధికారి మనిషి సంచి తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, రెండు వైపులా పెన్సిలు రాత. నేను పైకి చదివాను.

"ఒకటో ఇల్లు. పొయ్యికి మూడు బర్నర్లు, పెద్ద గిన్నె ఫోటోలో లేదు, అడగాలి. రెండోది. సింకు చిన్నది, కుక్కరు పట్టదు. మూడోది. చాకులు ఎన్ని ఉన్నాయో రాయలేదు. నాలుగోది. నాలుగు బర్నర్లు, పొయ్యి పక్కన దించుకోవడానికి బండ ఉంది, ఏడుగురికి సరిపడే గిన్నెలున్నాయి, కిటికీ పొయ్యికి దూరం. ఇదే బాగుంది." కాగితం అధికారికి ఇచ్చాను. "పదకొండో ఇల్లు, అంటే ఇది. చూడండి ఏం రాసిందో. 'వద్దు. కిటికీ కిందే పొయ్యి.'"

"ఆ కాగితం ఎప్పుడైనా రాసుకోవచ్చు. రేపు పట్టుబడితే చూపించడానికి," అన్నాడు ఒక్కపూట. "మేడమ్ పదార్థాల పట్టిక చదివి హంతకుల్ని పట్టుకుంటారు. నేను వీళ్ళ దగ్గరే నేర్చుకున్నానని ఎవరికీ చెప్పను."

"చెప్పకు. నాకే పరువు తక్కువ." నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి అతనికి దారి ఇచ్చాను. "రా. ఏడుగురికి టీ పెట్టు."

"ఏమిటీ?"

"పది నిమిషాల్లో కేసు తేల్చినవాడివి, పావుగంటలో టీ పెట్టలేవా? అధికారిగారూ, టైము చూడండి. పదీ నలభై."

అధికారి వాచీ చూసుకున్నాడు. అతనికి సరదాగానే ఉన్నట్టుంది. ఒక్కపూట కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

అల్మారా తీశాడు. ఉన్న గిన్నెల్లో పెద్దది నాలుగు కప్పులు పట్టేది. రెండు విడతలుగా పెడతానన్నాడు. రెండు బర్నర్లలో ఒకటి అగ్గిపుల్లకు అంటుకోలేదు. రెండోది వెలిగింది. పాల కోసం ఫ్రిజ్ తలుపు తెరిస్తే అది పోయి పొయ్యికి తగిలింది. మనిషి పక్కకు తప్పుకుంటే గానీ తలుపు పడదు. ఈలోగా కిటికీ సందులోంచి గాలి కొట్టి మంట ఆరిపోయింది. కిటికీ మూస్తే ఆవిరి మొహాన కొట్టింది. కాగిన గిన్నె దించబోయాడు. పెట్టడానికి జానెడు చోటు లేదు. గిన్నె పట్టుకుని బల్ల దాకా నడిచేసరికి సగం నేల మీద పడింది.

ఇల్లు చూసుకునే ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "ఆ నేల ఎవరు తుడుస్తారు?"

"పదీ యాభై ఎనిమిది. ఇంకా మూడు కప్పులే," అన్నాడు అధికారి.

"ఇది టీ," అన్నాను. "ఈమె ఇక్కడ మూడు రోజులు మూడు పూటలా ఏడుగురికి వండింది. ఇరవై ఏళ్ళుగా వంట తప్ప వేరే పని చేయనివ్వని ఇంట్లో ఉంది. అలాంటి మనిషి, వంట మనమే చేసుకోవాల్సిన ఇంటి గురించి ఆరు ప్రశ్నలు అడిగింది. ఒక్కటి కూడా పొయ్యి గురించి కాదు, గిన్నె గురించి కాదు. ఆ ఉత్తరం రాసిన చెయ్యి ఏనాడూ గరిటె పట్టలేదు. ఈ ఇల్లు ఎంచినవాళ్ళకు తెలిసిందల్లా వేళకు కంచంలోకి అన్నం వస్తుందని."

అధికారి పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తానే ఒకసారి తెరిచి మూశాడు.

"మా ఇంట్లో వంట నేనే," అన్నాడు నెమ్మదిగా. "నేనైతే ఈ ఇల్లు ఊరికే ఇచ్చినా తీసుకోను."

"సార్, ఇది సాక్ష్యమా? ఫ్రిజ్ తలుపు సాక్ష్యమా?" ఒక్కపూట గొంతు పెరిగింది.

"నువ్వు తెచ్చింది ఒక ఉత్తరం. అది ఈవిడ రాసిందని రుజువేంటి? నువ్వు పది నిమిషాలు చూసిన ఆ గది రుజువా?" అధికారి పెద్దకోడలి వైపు తిరిగాడు. "ఇల్లు ఎలా మారింది?"

"అత్తయ్య మార్చమన్నారని చెప్పారండీ. మా ఇంట్లో ఎవరు ఏది మార్చినా అమ్మ అంది అంటారు. ఆవిడను అడిగితే, అందరూ అనుకున్నారుగా అంటుంది. అడగడం మానేసి చాలా ఏళ్ళయింది."

అప్పుడే నేను ఇంకో ప్రశ్న అడగాల్సింది. చెప్పిందెవరు అని. కానీ నా కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి. పన్నెండు లోపల ఈమెను ఆ జైలు బండి ఎక్కకుండా ఆపడమే నా పని అనుకున్నాను. నా పేరు నిదానం. ఆ రోజు తొందరపడ్డాను.

పదకొండూ యాభైకి అధికారి కాగితం మీద సంతకం చేశాడు. ఊరు దాటకూడదన్న షరతుతో వదిలేశారు. ఒక్కపూట వాకిట్లోకి వెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. పది నిమిషాల్లో పెద్దావిడ కొడుకు కారు వచ్చి ఆగింది. ఎత్తయిన మనిషి. తల్లి పోయి రెండు రోజులైనా చొక్కా నలగలేదు.

"నా భార్యను నేను తీసుకెళ్తాను," అన్నాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

ఆవిడ అలవాటుగా వెనక సీటు తలుపు దగ్గరికి నడిచింది. అతను ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, ఎక్కి కూర్చుంది.

"సంతోషమా మేడమ్? హంతకురాలికి కారు కూడా వచ్చింది," అన్నాడు ఒక్కపూట.

"హంతకులెవరో ఇంకా తేలలేదు. నువ్వు ఉండు, ఒంటిగంటన్నరకు సీలు తీస్తారు."

ఉండనన్నాడు కానీ ఉన్నాడు. ఓడిపోయిన చోటు నుంచి ముందుగా వెళ్ళడం అతనికి చేతకాదు.

ఒంటిగంటన్నరకు గది తెరిచారు. ఒకే మనిషి పట్టే మంచం. కిటికీకి రంగు వేసినప్పుడు అతుక్కుపోయి కదలడం లేదు. మంచం తలవైపు గీజరు అల్మారా. బల్ల మీద చిన్న అలారం గడియారం, ఐదు గంటలకు పెట్టి ఉంది. తలగడ కింద రెండు జడపిన్నులు. సొరుగు లాగితే నాలుగు కాటన్ చీరలు, చేతులకు రాసుకునే మందు, ఒక పెన్సిలు.

మందు డబ్బా మూత తీసి వాసన చూశాను. గిన్నెలు తోమి పగిలిన చేతులకు రాసేది.

"పెద్దావిడ గిన్నెలు తోముతుందా?" అని అడిగాను.

"ఆవిడా? మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగదని చెప్పారు," అన్నాడు ఒక్కపూట.

"మరి ఈ గది ఎవరిది?"

"పెద్దావిడదే. మోకాళ్ళ నొప్పులని కింద ఇచ్చారు. కొడుకే చెప్పాడు."

వంటింటి బల్ల దగ్గర ఆడపడుచు పెట్టె సర్దుకుంటోంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది.

"మా అమ్మను చంపినదాన్ని విడిపించారుగా. ఇంకేం కావాలి మీకు?"

"మీ అమ్మగారి గది ఏదమ్మా?"

"పైన. సముద్రం కనిపించే గది. మా అమ్మకు కిందది ఎందుకిస్తాం?"

ఒక్కపూట గోడకు ఆనుకున్నవాడు నిటారుగా అయ్యాడు.

"మరి కింది గది?"

"వదినది. పొద్దున్నే లేచి వంట మొదలుపెట్టాలిగా, వంటింటి పక్కన ఉంటే వీలని అన్నయ్యే అన్నాడు. వాడు పైన పడుకుంటాడు. ఆ రోజు పైన ఎండ కొడుతోందని అమ్మ కిందికి దిగింది. వదిన తన మంచం ఇచ్చి బయటికి పోయింది. కావాలనే ఇచ్చింది."

"ఈ మాట పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరు అడిగారు? మీరు కూడా గిన్నెల గురించేగా అడిగారు."

ఆమె మాట చెంపదెబ్బలా తగిలింది. పెద్దకోడల్ని అన్ని ప్రశ్నలు అడిగినదాన్ని, నువ్వు ఎక్కడ పడుకుంటావని ఒక్కటి అడగలేదు.

"మీ వదిన మధ్యాహ్నం పడుకుంటుందా?"

"రోజూ. గిన్నెలయ్యాక మూడింటి నుంచి నాలుగున్నర దాకా. మళ్ళీ టీకి లేస్తుంది. అది తప్పితే దానికి సుఖమేముంది?" అని, తను అన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

"సముద్రం నుంచి రాగానే స్నానాలు చేయమని ఎవరన్నారు?"

"అన్నయ్య. ఇసుకతో ఇంట్లో తిరగొద్దు, ఒకరి తర్వాత ఒకరు బాగా వేడినీళ్ళు పోసుకోండి అన్నాడు."

"మీ అన్నయ్య పోసుకున్నాడా?"

"లేదు. ఇంటి ముందు కారులో కూర్చుని ఫోను మాట్లాడుతున్నాడు. లోపలికి రానే లేదు."

"ఈ ఇల్లు మీ అమ్మగారు మార్చమన్నారని మీకు ఎవరు చెప్పారు?"

ఆమె చేతిలోని బట్ట పెట్టెలో పడింది. "అన్నయ్యే."

"మీ వదిన మెయిలు ఎవరు చూస్తారు?"

"వదినకు అది తెరవడం కూడా రాదు. అన్నయ్య ఫోన్లోనే ఉంటుంది." కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి వెతుక్కుంది. "మీరు ఏం చెబుతున్నారు? వాడు అమ్మను..."

"మీ అమ్మను కాదు. ఆ గంటలో ఆ మంచం మీద ఉండాల్సింది మీ వదిన. ఆమె వెనక సందులో చెత్త ఏరుతోందని ముందు వైపు కారులో ఉన్న మనిషికి తెలియదు. పైనున్న తల్లి కిందికి దిగిందనీ తెలియదు."

నేను ఒక్కపూట వైపు తిరిగాను.

"పదకొండూ యాభైకి ఎవరికి ఫోను చేశావు?"

"ఆయనకే. పొద్దున్నే అడిగాడు. ఆవిడను వదిలిపెట్టేటట్టుంటే ముందు నాకు చెప్పు అన్నాడు. భార్య మీద బెంగ అనుకున్నాను."

"ఎక్కడికి తీసుకెళ్ళాడు?"

"నాకు చెప్పలేదు. హోటలుకు అనుకున్నాను."

"ఏ హోటలు?"

"అడగలేదు మేడమ్."

అధికారి అప్పటికే తన మనుషులతో మాట్లాడుతున్నాడు. ఆ కారు నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆడపడుచు అన్నకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నేను పెద్దకోడలి నంబరుకు చేశాను. వదిలేటప్పుడు పోలీసులు ఆమె ఫోను తిరిగి ఇచ్చారు.

నాలుగో మోతకు ఎత్తింది.

"మీరా అండీ. మీకు చెప్పకుండానే వచ్చేశాను. ఏమనుకోకండి." గొంతు బరువుగా, నిద్రలోంచి వచ్చినట్టు ఉంది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"కొత్త ఇల్లండీ. చిన్నది, ఇద్దరికి సరిపోతుంది. ఇవాళ వంట చేయొద్దన్నారు మా ఆయన. పడుకో, నేను స్నానం చేసి వస్తాను అన్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, పడుకో అనడం." చిన్నగా నవ్వబోయింది. "తల ఒకటే పోటు. లేవబుద్ధి కావడం లేదు."

ఆమె మాట వెనక ఎక్కడో గోడ అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"లే. తలుపు తీసి బయటికి రా. లేవలేకపోతే కిటికీ అద్దం పగలగొట్టు. ముందు ఇల్లు ఎక్కడో చెప్పు. వీధి పేరు, ఇంటి నంబరు, ఏదైనా చెప్పు."

చాలాసేపు జవాబు రాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం ఉంది.

"నాకేం తెలుసండీ," అంది మెల్లగా. "ఈసారి ఆయనే చూశారు."